ఈమెయిల్ సమకాలీకరణ: చరిత్ర, అమరిక, నమోదు

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
- ఈమెయిల్ నిల్వ పద్ధతులు కాలక్రమంలో ఎలా మారాయో వివరించగలుగుతారు.
- రెండు చోట్ల ఉన్న ఉత్తరాలను సరిపోల్చడంలోని మూల సమస్యను గుర్తించగలుగుతారు.
- సమకాలీకరణ సాధనాన్ని అమర్చేటప్పుడు ఏయే విషయాలు రాసిపెట్టుకోవాలో చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

చరిత్ర విద్యార్థులకు ఈమెయిల్‌తో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. మన ముందుతరం చరిత్రకారులు ట్రంకుపెట్టెల్లో దొరికిన ఉత్తరాల ఆధారంగా ఎన్నో విషయాలు రాశారు. రేపటి చరిత్రకారుడికి ఆ పెట్టెలు దొరకవు. మన కాలపు ఉత్తరాలు సర్వర్లలోను, మన కంప్యూటర్లలోను ఉన్నాయి. అవి నిలుస్తాయా, చెదిరిపోతాయా అన్నది వాటిని దాచే పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఆ పద్ధతి చరిత్ర తెలుసుకోవడం మన శాస్త్రంలో భాగమే.

2. ఉత్తరం ఎక్కడ ఉండాలి?

1971లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో రే టామ్లిన్‌సన్ ఆర్పానెట్ ద్వారా ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు సందేశం పంపాడు. అప్పట్లో కంప్యూటర్ అంటే అనేకమంది పంచుకొనే పెద్ద యంత్రం. ఉత్తరం దానిలోనే ఉండేది, చదివేవాడే అక్కడికి వెళ్లేవాడు. అందువల్ల సమకాలీకరణ అన్న ప్రశ్నే పుట్టలేదు.

1980లలో వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చాక పరిస్థితి మారింది. బల్ల మీది చిన్న యంత్రం రాత్రి ఆగిపోతుంది, ఉత్తరం ఏ వేళనైనా రావచ్చు. కాబట్టి ఎప్పుడూ పనిచేసే సర్వర్ ఉత్తరాన్ని అందుకొని ఉంచాలి, చిన్న యంత్రం తరువాత దాన్ని తెచ్చుకోవాలి. ఈ అవసరానికి 1984 అక్టోబరులో పాప్ అనే ప్రోటోకాల్ వెలువడింది. దాని మూడవ రూపం 1988లో వచ్చింది. అది నేటికీ వాడుకలో ఉంది.

పాప్ మన పోస్టాఫీసు పెట్టె వంటిది. మీరు వెళ్లి ఉత్తరాలు ఇంటికి తెచ్చుకుంటారు, అక్కడి పెట్టె ఖాళీ అవుతుంది. సర్వర్‌లో ఒక ప్రతి ఉంచే వీలు తరువాత వచ్చినా, వాడుకలో స్థిరపడిన అలవాటు మాత్రం ఇదే. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. టెలిఫోన్ లైను మీద, గంటల లెక్కన అనుసంధానం కొనుక్కున్న ఆ రోజుల్లో, ఉత్తరాలు గబగబా దింపుకొని లైను కట్ చేయడమే పొదుపు.

ఆ పొదుపుకు నేను మూల్యం చెల్లించాను. పరిశోధక విద్యార్థులతో ఆరేళ్లపాటు జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఇంట్లోని ఒకే కంప్యూటర్‌లో ఉండేవి. ఒక వేసవిలో దాని హార్డ్ డిస్కు పాడైంది. సర్వర్‌లో ఏమీ మిగల్లేదు, నేను వేరే ప్రతి తీసిపెట్టుకోలేదు. పాత రాతప్రతులను భద్రపరచండని తరగతిలో బోధిస్తూ, నా ఉత్తరాలను నేనే పోగొట్టుకున్నాను.

3. ఐమ్యాప్ ఆవిర్భావం

1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ మరొక మార్గం రూపొందించాడు. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. ఏ యంత్రం నుంచి చూసినా అదే పెట్టె, అవే ఫోల్డర్లు కనిపిస్తాయి. చదివినది, జవాబిచ్చినది అన్న గుర్తులు కూడా అక్కడే ఉంటాయి. దీనికి ఐమ్యాప్ అని పేరు. ఇందులోని తొలి అక్షరానికి మొదట తాత్కాలికం అనే అర్థం ఉండేది. ఆ తాత్కాలిక ఏర్పాటే ఇప్పటికీ లోకమంతా నడుస్తోంది.

ఇక్కడ మీరు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ మొదటి ప్రోటోకాల్ వివరణపత్రం గాని, దాని సాఫ్ట్‌వేర్ గాని నేడు లభ్యం కావడం లేదు. మనకు దొరికేది 1988 జూలైలో ప్రచురితమైన రెండవ రూపం నుంచే. ఉత్తరాలు పోకుండా కాపాడే పద్ధతికే తన తొలి పత్రం మిగల్లేదు. రాసినది ప్రచురించి పంచితేనే నిలుస్తుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

అదే 1986లో ఎంఐటీ నుంచి పీసీమెయిల్ అనే పద్ధతి వెలువడింది. అందులో సర్వర్ ఒక్కొక్క యంత్రానికీ ఒక చిట్టా పెట్టేది: ఈ యంత్రం చివరిసారి వచ్చి వెళ్లాక ఏమేమి మారాయి? యంత్రం మళ్లీ కలిసినప్పుడు ఆ మార్పులు మాత్రమే అందజేసేది. నేటి సమకాలీకరణకు బీజం ఇక్కడ ఉంది.

1994 డిసెంబరులో ఐమ్యాప్ నాలుగవ రూపం వచ్చింది. అదే నెలలో క్రిస్పిన్ మరొక చిన్న పత్రంలో మూడు విధానాలను వేరుచేసి చూపాడు. దింపుకొని విడిగా చదవడం మొదటిది. సర్వర్‌తో కలిసి ఉండి చదవడం రెండవది. ప్రతిని తెచ్చుకొని, విడిగా పనిచేసి, తిరిగి కలిసినప్పుడు మార్పులు సరిచూసుకోవడం మూడవది.

4. లేకపోవడానికి అర్థం ఏమిటి?

మూడవ విధానంలోనే అసలు చిక్కు ఉంది. సర్వర్‌లో ఒక ఉత్తరం ఉంది, మీ కంప్యూటర్‌లో అది లేదు. దీనికి కారణం ఏమిటి? అది కొత్తగా వచ్చిందా? లేక మీరు మీ కంప్యూటర్‌లో తొలగించారా? మొదటిదైతే తెచ్చుకోవాలి, రెండవదైతే సర్వర్‌లోనూ తీసివేయాలి. రెండు పెట్టెలను ఎంతసేపు పోల్చి చూసినా ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు.

సమాధానం గతంలో ఉంది. చివరిసారి రెండూ కలిసినప్పుడు ఏమేమి ఉన్నాయో రాసిపెట్టుకున్న చిట్టా కావాలి. చిట్టాలో ఆ ఉత్తరం ఉంటే, తరువాత తొలగించారని అర్థం. లేకపోతే, కొత్తదని అర్థం. చిట్టా నమ్మదగినదిగా ఉండాలంటే ప్రతి ఉత్తరానికీ మారని సంఖ్య కావాలి. ఐమ్యాప్ నాలుగవ రూపం ఫోల్డర్‌లోని ప్రతి ఉత్తరానికీ అటువంటి సంఖ్యను ఇచ్చింది. ఆ సంఖ్యలు ఇంకా చెల్లుతున్నాయో లేదో తెలిపే మరొక సంఖ్యను ఫోల్డర్‌కు జోడించింది.

ఆధారాలలో ఒక విషయం కనిపించకపోతే అది జరగలేదా, లేక దాని జాడ చెరిగిపోయిందా అని చరిత్రకారుడు కూడా ఇలాగే తర్కిస్తాడు.

5. సాధనాలు, అమరిక

సర్వర్‌లోని పెట్టెను సొంత కంప్యూటర్‌లోని ఫోల్డర్లతో రెండు వైపులా సరిచూసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లలో రెండు ప్రసిద్ధమైనవి. ఐసింక్‌ను మైఖేల్ ఎల్కిన్స్ 2000లో మొదలుపెట్టాడు. తరువాత ఓస్వాల్డ్ బుడెన్‌హాగెన్ నిర్వహణలో కొనసాగింది. దాని కమాండ్ పేరు ఎంబీసింక్. ఆఫ్‌లైన్ ఐమ్యాప్‌ను జాన్ గోర్జెన్ పైథాన్ భాషలో రాసి 2002లో విడుదల చేశాడు. రెండూ కంప్యూటర్‌లో మెయిల్‌డిర్ పద్ధతిని వాడతాయి. డేనియల్ బెర్న్‌స్టైన్ రూపొందించిన ఈ పద్ధతిలో ప్రతి ఉత్తరం ఒక విడి ఫైలు. ఒక ఫైలు చెడినా మిగిలినవి చెక్కుచెదరవు.

ఎంబీసింక్ అమరిక ఫైలులో నాలుగు అంశాలు రాయాలి: సర్వర్ ఖాతా వివరాలు, సర్వర్‌లోని నిల్వ, కంప్యూటర్‌లోని నిల్వ, ఈ రెండింటినీ కలిపే ఛానల్. సంకేతపదాన్ని ఫైలులో నేరుగా రాయకుండా వేరొక కమాండ్ ద్వారా తెప్పించుకొనే వీలుంది. 2022లో గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు సాధారణ సంకేతపదంతో లోపలికి రానిచ్చే పద్ధతిని చాలావరకు నిలిపివేశాయి. కాబట్టి పాత పుస్తకాలలోని సూచనలను తేదీ చూసి మాత్రమే అనుసరించండి.

6. నమోదు ఆవశ్యకత

పదవీ విరమణ తరువాత నేను ఎంబీసింక్ అమర్చుకున్నాను. కొన్నాళ్లకు కంప్యూటర్ మార్చినప్పుడు ఉత్తరాల ఫోల్డర్లను జాగ్రత్తగా కొత్తదానిలోకి చేర్చాను. పాత చిట్టాను మాత్రం చేర్చలేదు. అది వేరే చోట, కంటికి కనిపించని ఫోల్డర్‌లో ఉందన్న సంగతి మరిచాను, ఎక్కడా రాసుకోలేదు. గతం తెలియని సాధనం రెండు వైపులా ఉన్న ఉత్తరాలన్నీ కొత్తవే అనుకొని అటువి ఇటు, ఇటువి అటు చేర్చింది. ప్రతి ఉత్తరం రెండయింది. జతలను విడదీయడానికి నాలుగు రోజులు పట్టింది. సాధనం తప్పేమీ లేదు, నమోదు చేయకపోవడం నా తప్పు.

మీరు ఈ క్రింది విషయాలు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి ఉంచండి:
(1) సాధనం పేరు, దాని వెర్షన్
(2) అమరిక ఫైలు, ఉత్తరాలు, చిట్టా ఉన్న చోట్లు
(3) శాశ్వత తొలగింపు ఏ వైపు జరగాలన్నది, అలా ఎందుకు నిర్ణయించారన్నది
(4) చేసిన ప్రతి మార్పు, దాని కారణం

వీటిలో కారణాన్ని రాయడం అన్నిటికన్నా ముఖ్యం. ఏమి చేశామో ఫైలు చూస్తే తెలుస్తుంది. ఎందుకు చేశామో మనం రాస్తేనే తెలుస్తుంది.

మరొక హెచ్చరిక. సమకాలీకరణ భద్రప్రతి కాదు. ఒక వైపు పొరపాటున తొలగించిన ఉత్తరాన్ని అది రెండవ వైపు కూడా నమ్మకంగా తొలగించగలదు. కాబట్టి విడిగా మరొక ప్రతి తప్పక ఉంచుకోండి.

7. సారాంశం

ఉత్తరాన్ని ఇంటికి తెచ్చుకోవడం పాప్ పద్ధతి, సర్వర్‌లోనే ఉంచి చూడడం ఐమ్యాప్ పద్ధతి. రెండు చోట్లా ఉంచి సరిచూసుకోవడం సమకాలీకరణ. దానికి గత స్థితిని తెలిపే చిట్టా ప్రాణం. సాధనానికి చిట్టా ఎంత అవసరమో, దాన్ని అమర్చిన మనిషికి రాతపూర్వక నమోదు అంతే అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాప్, ఐమ్యాప్ పద్ధతుల మధ్య తేడాలను వివరించండి.
2. రెండు పెట్టెలను పోల్చినంత మాత్రాన తొలగింపును ఎందుకు గుర్తించలేము?
3. మీ ఇంట్లో ఉన్న పాత ఉత్తరాలు, మీ ఈమెయిల్ ఖాతాలోని ఉత్తరాలు యాభై ఏళ్ల తరువాత చదివేవారికి అందాలంటే ఏమి చేయాలి? ఒక పుటలో రాయండి.