పాటిదిబ్బల సాక్ష్యము

కృష్ణవేణి సముద్రమున గలియు మన సీమలో నల్లరేగడి కలదు, ఒండ్రు కలదు, ఇసుక కలదు. ఱాయి మాత్రము లేదు. వలయు ఱాయి దూరమునుండి రావలసినదే. కావుననే పూర్వుల కట్టడములు పిదపవారికి గనులైనవి.

ఏటి కావలనున్న భట్టిప్రోలునే చూడుడు. అచ్చటి మహాస్తూపపు టిటుకలు బాటలకును, చలువఱాళ్లు వెల్లటూరి కాలువ తూమునకును బోయినవి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ దొరగారు త్రవ్వగా ధాతువులు గల శిలామంజూషలును, వానిపై మిగుల ప్రాచీనమగు బ్రాహ్మీ వ్రాతలును బయల్పడినవి. గుడివాడ, ఘంటసాల దిబ్బలనుగూడ వారు పరిశీలించి, ఆ వృత్తాంతమును 1894లో నచ్చొత్తించిరి.

ఘంటసాల సంగతి మఱియు చిత్రము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ యను యవన పండితుడు ఈ తీరమున కంటకోస్సుల యను వర్తకస్థానమును బేర్కొనెను. అది యేదియని యెట్లు తెలియును? ఘంటసాల శిలలపై కంటకసోల యను పేరును, శివకుడను మహానావికుని పేరును గలవు. ఆ శిలలుగూడ నే తూముక్రిందనో బడియుండినచో, మన యూరు ప్రాచీన రేవన్న మాట పుక్కిటిపురాణమై పోయెడిది.

మెకంజీ దొర 1797లో అమరావతిని దర్శించి, 1816లో మరల వచ్చి బొమ్మలు వ్రాయించెను. ఈ నడుమ ననేక శిల్పములు చెదరిపోయినవి. తరువాత నశించిన కొన్ని ఫలకముల రూపము నేడు మనకా బొమ్మలలోనే కనబడును. ఆయన కొలువుననున్న కావలి సోదరులు మొదలగు తెలుగువారు సేకరించిన కైఫీయతులే యెన్నో గ్రామములకు నేటికి నాధారము. ఱాయి పోయినను వ్రాత నిలిచినది.

మనకు సముద్రభయమును గలదు. 1864 నవంబరు 1వ తేదీని బందరును, 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ఉప్పెన ముంచెను. బందరులోని డచ్చివారి సమాధుల వంటివానిపై నక్షరములను ఉప్పుగాలి మెల్లమెల్లగా దినును. కావున వ్రాసి యుంచుటకు రేపటివఱకు నాగరాదు.

నేను బడిపంతులను, చేతనైనంత పనినే చెప్పుదును. పాటిమన్ను త్రవ్వునపుడు పెద్ద యిటుక కనబడినచో గునపము నాపింపుడు. ఇటుక పొడవు, వెడల్పు, మందము కొలువుడు. కాలనిర్ణయమున కవి తోడ్పడును. ఎంత లోతున, ఏ దిక్కున నున్నదో, ప్రక్కన నేమి దొరకెనో వ్రాయుడు. చోటు తప్పిన వస్తువు సాక్షి లేని దస్తావేజు వంటిది. పొలము పేరు, సర్వే నంబరు, వృద్ధుల మాట వేర్వేరుగ వ్రాయుడు. విన్నదానిని చూచినదానితో గలపకుడు. అక్షరములు గల ఱాతికి సున్నము పూయకుడు, సుత్తి తాకింపకుడు. ఛాయాచిత్రము తీయించి, యొక ప్రతిని గ్రామమున నుంచి, మఱియొకదానిని పురావస్తుశాఖకు బంపుడు.

పొలము గట్టు జానెడు జరిగినచో న్యాయస్థానమున కేగుదుము. రెండువేలయేండ్ల గట్టు బండ్లకెక్కి పోవుచుండగా నూరకుండుట పెద్దఱికము గాదు.