ఈమాన్ కమ్జోరా? మొహల్లా బరువా?

మన ఇళ్లలో ఎవరికైనా దిల్ గాబరాగా ఉన్నా, రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా పెద్దల నోట ముందుగా వచ్చే మాట "నమాజ్ తప్పుతున్నావ్, ఈమాన్ కమ్జోర్ అయింది" అని. ఈ తక్లీఫ్ గరీబు బస్తీల్లో ఎక్కువ. అంటే గరీబులకే ఈమాన్ తక్కువా? ఈ సవాల్‌కి తారీఖ్‌లో జవాబుంది.

అమెరికాలోని షికాగోలో ఫారిస్, డన్‌హామ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు మానసిక ఆసుపత్రుల్లో చేరినవాళ్ల అడ్రసులను నగరం నక్షా మీద గుర్తించారు. 1939లో ఆ కితాబ్ వచ్చింది. స్కిజోఫ్రేనియా మరీజులు నగరం నడిబొడ్డున, కిరాయి గదుల మొహల్లాల్లో ఎక్కువ. అంచున ఉన్న అమీర్ల కాలనీలకు పోయేకొద్దీ తక్కువ. బహస్ మొదలైంది. మొహల్లానే మనిషిని బీమార్ చేసిందా? బీమారై సంపాదన పోగొట్టుకున్నవాళ్లే చవక గదులకు చేరారా? నక్షా చూసి తేల్చలేకపోయారు.

1994లో అమెరికా సర్కారు ఐదు నగరాల్లో ఒక పథకం మొదలుపెట్టింది. గరీబు మొహల్లాల సర్కారీ క్వార్టర్లలో ఉండే దాదాపు 4,600 కుటుంబాలకు లాటరీ తీసింది. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో తల్లులు. లాటరీ తగిలినవాళ్లకు వేరే మొహల్లాకు మారడానికి కిరాయి మదద్ దొరికింది. ఎందుకు పోతామన్నారంటే, ఎక్కువమంది చెప్పింది గ్యాంగులు, డ్రగ్స్ ఖౌఫ్ గురించే.

పది పదిహేనేళ్ల తర్వాత చూస్తే, మారినవాళ్ల ఆమ్దానీ పెరగలేదు. కానీ పెద్దవాళ్ల సుకూన్ పెరిగింది. మొహల్లాలో గుర్బత్ 13 శాతం పాయింట్లు తగ్గితే, ఏడాదికి 13,000 డాలర్లు ఎక్కువ సంపాదించేవాళ్లకు ఉండేంత సుకూన్ పెరిగిందని 2012లో లెక్క తేల్చారు. లాటరీ తగలనివాళ్ల సగటు సంపాదనే 20,000 డాలర్లు. ఎవరు మారాలో లాటరీ తేల్చింది కాబట్టి, ఈ ఫరక్ మొహల్లా తెచ్చిందే.

మన బస్తీల్లో పొంగే మోరీ, లైటు లేని మలుపు, అర్ధరాత్రి కార్డన్ సెర్చ్, ఇవన్నీ దిమాగ్ మీద రోజూ పడే బరువే. మోరీ, లైటు, పార్కు కోసం కార్పొరేటర్ దగ్గరకు పోయినప్పుడు మన సెహత్ హక్కుగా అడుగుదాం. ఇంట్లో ఎవరికైనా దిల్ బాగోలేకపోతే దువాతో పాటు దవా కూడా ఇప్పిద్దాం. సర్కారీ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేదు. బీమారైన మనిషి మీద ఈమాన్ ఇల్జామ్ మాత్రం వేయొద్దు.