వారాల అన్నం నుంచి వసతిగృహం దాకా

"వారాలు చేసుకుని చదువుకున్నారు." ఈ వాక్యం మన పెద్దల జీవితచరిత్రలలో ఎంత తరచుగా కనిపిస్తుందంటే, దాని దగ్గర ఆగి ఆలోచించడం మనం ఎప్పుడో మానేశాం. ఊరుకాని ఊరికి చదువు కోసం వచ్చిన పేద పిల్లవాడు ఏడుగురు గృహస్థులను ఆశ్రయించి, సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనానికి ఒప్పించుకోవాలి. ఆరిళ్ళే దొరికితే వారంలో ఒకరోజు పస్తు. ఎవరింటనైనా మైల వస్తే ఆ రోజూ పస్తే. మధూకరం ఇంకొక మెట్టు కిందిది. భుజాన జోలె తగిలించుకుని గుమ్మం గుమ్మం ముందూ నిలబడి, పెట్టిన అన్నం తెచ్చుకుని తినడం. పువ్వుపువ్వునా తేనె కూర్చుకునే తేనెటీగ పేరును ఆ పనికి పెట్టారు. పేరు పెట్టినవారికి కనిపించిన అందం జోలె పట్టినవాడికి కనిపించిందో లేదో!

విజయనగరాన్ని విద్యలనగరమని గర్వంగా చెప్పుకుంటాం. 1857లో విజయరామ గజపతి మహారాజు నెలకొల్పిన పాఠశాల 1879 నాటికి కళాశాల అయింది. దానికి తోడు సంస్కృత కళాశాల. 1919లో సంగీత కళాశాల. ఎవరు స్థాపించారు, ఎవరు బోధించారు, ఎవరు చదివి గొప్పవారయ్యారు, ఇవన్నీ చరిత్రలలో ఉన్నాయి. అయితే పైఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు రాత్రి ఎక్కడ పడుకున్నారు, పగలు ఏం తిన్నారు, జ్వరం వస్తే ఎవరు చూశారు అన్న ప్రశ్నలకు జవాబు ఎక్కడా ఒకచోట దొరకదు. ఒక్కొక్కరి జీవితకథలో నుంచి ఏరుకోవలసిందే. అలా ఏరుకున్నవి కొన్ని ఇక్కడ.

గురజాడ అప్పారావు 1862లో యస్. రాయవరంలో మేనమామ ఇంట పుట్టారు. చిన్నతనం చీపురుపల్లిలో గడిచింది. తండ్రి పోయాక చదువు కోసం విజయనగరం వచ్చిన ఆ కుర్రవాడికి మహారాజా కళాశాల అధ్యక్షులు చంద్రశేఖరశాస్త్రి గారు తిండీ బసా ఉచితంగా ఏర్పాటు చేశారు. ఆ అండన చదివే 1882లో మెట్రిక్యులేషను, 1886లో బి.ఏ. పూర్తి చేశారు. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తి వంశధార ఒడ్డున, శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో 1863లో పుట్టారు. 1875లో ఆయన తండ్రి కూడా జ్వరంతో కన్నుమూశారు. మేనమామ అండతో ఆయన మహారాజా వారి పాఠశాలలో చేరి 1880 దాకా విజయనగరంలో చదివారు. తెలుగు వచనం దారి మళ్ళించిన ఇద్దరూ ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో, తండ్రి లేని విద్యార్థులు. ఒకరిని గురువు ఆదుకున్నారు, ఇంకొకరిని మేనమామ. అలాంటి గురువూ మేనమామా లేక చీపురుపల్లికో పర్వతాలపేటకో తిరిగి వెళ్ళిపోయిన పిల్లలు ఎందరో మనకు తెలియదు. వారి జీవితచరిత్రలు ఎవరూ రాయలేదు కదా.

పట్నంలో చదివే పిల్లవాడికి అన్నం ఒక్కటే చాలదని గురజాడకు బాగా తెలుసు. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో వెంకటేశాన్ని ఒకసారి ఈ దృష్టితో చూడండి. కృష్ణరాయపురం అగ్రహారం నుంచి ఇంగ్లీషు చదువుకని విజయనగరం వచ్చిన కుర్రవాడు. ఇంటి దగ్గర కొట్టే తండ్రి, వెనకేసుకొచ్చే తల్లి. పట్నంలో వాడిని కనిపెట్టుకుని ఉండే పెద్దదిక్కు లేదు. ఆ ఖాళీలోకి గిరీశం వచ్చి కూర్చున్నాడు. చుట్ట కాల్చడం నేర్పాడు, పుస్తకాలకని వచ్చిన డబ్బు తినేశాడు. పరీక్ష పోయిందన్న నిజం తండ్రికి ఎలా చెప్పాలన్న భయాన్ని పట్టుకుని, ఆ భయం మీద సవారీ చేస్తూ అగ్రహారం దాకా వెళ్ళాడు. మనం నూటపాతికేళ్ళకు పైగా గిరీశాన్ని చూసి నవ్వుతున్నాం. పరీక్ష తప్పి, ఇంటికి పోవడానికి భయపడి, ఎవరితోనూ చెప్పుకోలేని ఆ పిల్లవాడిని చూసి ఆగినవారు తక్కువ. వెంకటేశం ఈనాటికీ ప్రతి హాస్టలులోనూ ఒక గదిలో ఉన్నాడు.

సంగీత కళాశాల కథ మరొకటి. విజయరామ గజపతి తన ఉద్యోగి అంధుడైన కుమారుడికి సంగీతం మీద ఉన్న మక్కువ చూసి, అతడికి నేర్పించే ఏర్పాటు చేయబోగా అది కళాశాలగా పెరిగిందని విజయనగరంలో చెప్పుకుంటారు. ఒక్క పిల్లవాడి అవసరం కళ్ళబడితే ఒక విద్యాసంస్థే పుట్టింది. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. అక్కడ విద్యార్థిగా చేరాలని వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడి వాయులీన వాదన విని, ఇతడు నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడని ఆచార్యపదవిలో నియమించారు. 1936లో నాయుడు గారే అధ్యక్షులయ్యారు.

ఆ నాయుడు గారి కాలంలోనే, కృష్ణాజిల్లా నుంచి ఘంటసాల వెంకటేశ్వరరావు అనే కుర్రవాడు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. తండ్రి చనిపోతూ సంగీతం నేర్చుకోమని చెప్పిపోయాడు. తీరా వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. పరిస్థితి విన్న నాయుడు గారు కళాశాల ఆవరణలో ఉండనిచ్చారు. వారాలు కుదిరాయి. ఇంతలో తోటి విద్యార్థులు చేసిన తప్పు అతడి మీద పడింది. వారాలిచ్చిన ఇళ్ళు తలుపులు మూశాయి, బస పోయింది. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్న ఆ కుర్రవాడిని పట్రాయని సీతారామశాస్త్రి గారు తన ఇంటికి తీసుకువెళ్ళారు. శాస్త్రి గారిది కలిగిన కుటుంబం కాదు. ఆయన పెట్టగలిగింది చోటు, చెప్పగలిగింది సంగీతం. అన్నానికి మధూకరం తప్పలేదు. జోలె ఎత్తిన ఆ కుర్రవాడే తరువాత తెలుగువాళ్ళ గొంతుక అయ్యాడు. శాస్త్రి గారి కుమారుడు సంగీతరావు గారు మద్రాసులో ఘంటసాలకు దశాబ్దాల పాటు సహాయకులుగా ఉన్నారు. 2021లో, నూరేళ్ళు నిండాక ఆయన కన్నుమూశారు. ఆ ఇంటి అన్నం బంధం అంత దూరం సాగింది.

ఈ కథను గురుభక్తి కథగా చెప్పుకుంటాం. తప్పులేదు. కాని దీనిలో ఇంకో సంగతి కూడా ఉంది. వారాల అన్నం దయ మీద ఆధారపడ్డది. దయకు విచారణ లేదు. నింద నిజమా కాదా అని ఎవరూ అడగలేదు. అన్నం ఆగిపోయింది, అంతే. ఏడిళ్ళు ఒకేరోజు మూతపడితే మొర పెట్టుకోవడానికి ఎనిమిదో చోటు లేదు.

మరొక సంగతి ఇంతకన్న పెద్దది. ఆ ఏడిళ్ళ గుమ్మాలైనా ఎవరికి తెరుచుకున్నాయి? బ్రాహ్మణ బాలుడికి. మాలపల్లె నుంచి, మాదిగపేట నుంచి, సముద్రపుటొడ్డున వాడబలిజల గుడిసె నుంచి, కొండ మీది సవరల గూడెం నుంచి బయలుదేరిన పిల్లవాడికి విద్యలనగరంలో వారాలు లేవు, మధూకరమూ లేదు. మన సాహిత్య చరిత్రలోని "కష్టపడి చదువుకున్న" తరం కష్టం నిజమే. ఆ కష్టపడే అవకాశం కూడా అందనివారు దాని వెనక ఉన్నారన్నదీ నిజమే.

ఆ వైపు తొలిగా చూసినవారిలో గిడుగు ఒకరు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తానే జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. పిల్లవాడికి చదువుకునే చోట పరాయితనం తోచకూడదన్నది ఆయన పట్టుకున్న సూత్రం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటానికీ మూలం అదేననిపిస్తుంది. ప్రభుత్వం సవర మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనకు పూనుకున్నది 2004లో! గిడుగు బడి పెట్టిన తరువాత ఇంచుమించు ఒక శతాబ్దం గడిచాక.

దయను హక్కుగా మార్చే పని నెమ్మదిగా సాగింది. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రోద్బలంతో, పిఠాపురం రాజా వారి ధనంతో అనాథ శరణాలయం వెలసింది. 1920లో మద్రాసు ప్రభుత్వం ఏర్పరచిన కార్మిక శాఖ అణగారిన కులాల పిల్లల చదువు బాధ్యతను తలకెత్తుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు ఊరూరా పెరిగాయి. శ్రీకాకుళం కొండలలో ఆ హాస్టలు చేరడం వెనక మాత్రం నెత్తుటి చరిత్ర ఉంది. భూమి, అప్పు, అడవి, ఈ మూడింటి మీద గిరిజనులు తిరగబడ్డారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి. 1970లో నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం హతులయ్యారు. ఇద్దరూ ఉపాధ్యాయులే అన్న సంగతి గమనించదగ్గది. ఆ తరువాతనే గిరిజనాభివృద్ధి సంస్థలు వచ్చాయి. పార్వతీపురం, సీతంపేటల కింద ఆశ్రమ పాఠశాలలు నడుస్తున్నాయి. బడీ, బసా, అన్నమూ ఒకే కప్పు కింద.

వార్డెను, వంటమనిషి, కామాటి, వాచ్‌మన్, ఈ నలుగురి చేతుల మీదుగా నడిచిన ఆ హాస్టళ్ళు చేసిన మేలు చిన్నది కాదు. నీళ్ళచారు అని ఎంత వెక్కిరించుకున్నా, రేకు పెట్టె, కంచం, దుప్పటి పట్టుకుని వెళ్ళిన తొలితరం పిల్లలు అక్కడి నుంచే ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, అధికారులు అయ్యారు. ఆ అన్నం కోసం ఏ గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. బియ్యం తగ్గితే వార్డెను మీద అర్జీ పెట్టవచ్చు. వారాలలో ఎన్నడూ లేనిది ఇదే.

ఇప్పుడు విశ్వవిద్యాలయాలే మన ఇంటి ముందుకు వచ్చాయి. ఎచ్చెర్లలో 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2016లో ట్రిపుల్ ఐటీ, విజయనగరం జిల్లాలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2022లో గురజాడ పేరిట సాంకేతిక విశ్వవిద్యాలయం. ట్రిపుల్ ఐటీలోనైతే పదో తరగతి దాటిన పిల్లలు ఆరేళ్ళ పాటు హాస్టలులోనే ఉంటారు. 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలోనే ప్రారంభమైన వసతి దీవెన పథకం కింద డిగ్రీ, ఆ పై చదువుల విద్యార్థికి ఏడాదికి ఇరవై వేల రూపాయలు తల్లి ఖాతాలో వేయాలని నిర్ణయించారు. ఏడిళ్ళ గుమ్మాలు తిరిగిన ఊళ్ళో, అన్నం ఖర్చు ప్రభుత్వ బాధ్యత అని పెద్ద సభ పెట్టి చెప్పారు. ప్రభుత్వాలు మారతాయి, పథకాల పేర్లు మారతాయి. ఆ బాధ్యతను మాత్రం ఇక ఎవరూ కాదనలేరు.

అయినా కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. 2025 అక్టోబరు నాటికి పార్వతీపురం మన్యం జిల్లా కురుపాంలోని గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు ప్రబలి వందమందికి పైగా బాలికలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. అంతకు రెండేళ్ళ ముందు, 2023లో, విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుతున్న పదిహేడేళ్ళ అమ్మాయి హాస్టలులో మరణించింది. ఆ కేసులో 2025 జులై 25న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ మానసిక ఆరోగ్యం తెలిసిన సలహాదారు ఒకరు ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు చేసి కూర్చోబెట్టకూడదు, నలుగురిలో చిన్నబుచ్చకూడదు. చట్టం వచ్చేదాకా ఇవే శాసనం. వెంకటేశం భయాన్ని దేశపు అత్యున్నత న్యాయస్థానం గుర్తించడానికి ఇంత కాలం పట్టింది.

వెనక్కి తిరిగి చూస్తే నాకు ఒక చిత్రం కనిపిస్తుంది. వారాల రోజులలో పిల్లవాడికి హక్కు లేదు. కాని విస్తరి ముందు కూర్చున్నవాడు సగం తిని లేస్తే, ఆ ఇంటి ఇల్లాలు చూసేది. "ఏం నాయనా, ఒంట్లో బాగులేదా?" అని అడిగేది. హాస్టలులో హక్కు ఉంది, కంచం ఉంది, రిజిస్టరులో పేరుంది. మూడువందల కంచాలలో ఏ కంచం సగం మిగిలిందో చూసే కన్ను లేదు. వారాలు మళ్ళీ రావాలని నేననను. కులాన్ని బట్టి తెరుచుకునే గుమ్మం, నింద పడితే మూసుకునే గుమ్మం ఎవరికీ వద్దు. హక్కును అలాగే ఉంచుకుని ఆ కన్నును హాస్టలులోకి తేవడమే మనం చేయవలసిన పని. అది వార్డెను మంచితనానికి వదిలేసే విషయం కాదు. ఇంత మందికి ఒకరని లెక్క కట్టి, జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి నియమించవలసిన ఉద్యోగం అది. పిల్లల భాష తెలిసినవారైతే మరీ మంచిది. గిడుగు చెప్పిందీ అదే కదా.

చంద్రశేఖరశాస్త్రి గారు ఒక అప్పారావును చూశారు. సీతారామశాస్త్రి గారు ఒక వెంకటేశ్వరరావును చూశారు. వారి పుణ్యమా అని మనకు ఒక కన్యాశుల్కం, ఒక గొంతుక దక్కాయి. ఈ రాత్రి ఎచ్చెర్లలోనో సీతంపేటలోనో అన్నం ముట్టకుండా కంచం కడిగేసుకుని వెళ్ళి పడుకున్న పిల్ల ఎవరో, ఆమెను ఎవరు చూశారో!