పొరుగువాని భాష - దక్కన్ చరిత్ర చెప్పే పాఠం

వివిధ మతాలవారు, భాషలవారు కలిసి బ్రతకాలని అందరూ అంటారు. కాని కలిసి బ్రతకడమంటే ఏమిటి? ఎవరి భాష వారిది, ఎవరి గడప వారిది, జగడం లేకుంటే చాలునని కొందరి అభిప్రాయం. పొరుగువాని భాష నేర్చి, అతని మంచిచెడ్డలు తెలిసికోవాలని మరికొందరి అభిప్రాయం. మన దక్కన్ చరిత్రలో రెండింటికీ ఉదాహరణలు కలవు.

ఇబ్రాహీం కుతుబ్ షా సుల్తాను కాకముందు సుమారు ఏడేండ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉండినాడు. తెలుగు రుచి అక్కడ మరిగినాడు. 1550 నుండి 1580 వరకు గోల్కొండ నేలిన ఆయనను మన కవులు ‘మల్కిభరాముడు’ అని నోరారా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితం. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చినాడు. అచ్చ తెలుగులో వెలువడిన మొదటి కావ్యం అదే. దానికి కృతిభర్త ఒక ముస్లిం సర్దారు! 1565లో రామరాయలతోనే యుద్ధం వచ్చింది. రాజ్యం కోసం కత్తులు దూసినారు గాని, తెలుగు మీద ఆదరం తగ్గలేదు. కుతుబ్ షాహీల కాలంలో ఫర్మానాలు ఫార్సీతోబాటు తెలుగులోనూ వెలువడ్డాయి. రైతుకు అర్థం కాని హుకుం వల్ల ఏం లాభం?

ఇక 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంగ్లీషు దొరల కాలంలో వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించిన ఘనత దానిది. అందుకు కావలసిన గ్రంథాలను దారుత్తర్జుమా అనే అనువాద శాఖ తయారుచేసింది. ఇది మనకు గర్వకారణమే. అయితే ఉర్దూ బడిపంతులుగా రెండో మాట కూడా చెప్పాలి. నిజాం రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు; మరాఠీ, కన్నడం వారూ ఉండిరి. ఆ పిల్లలు పై చదువుల కోసం ఉర్దూ నేర్చుకోక తప్పలేదు. వారి భాష నేర్చినవారు మనలో ఎందరు? బూర్గుల రామకృష్ణారావుగారు ఫార్సీలో పండితులు. దాశరథిగారు గాలిబ్ గజళ్ళను తెలుగు చేసినారు. మనవారిలో, ఆంధ్ర ప్రాంతాన పిఠాపురంలో, ఉమర్ ఆలీషా కవి (1885-1945) తెలుగులో కావ్యాలు, నాటకాలు వ్రాసినారు. అటువంటివారు మనలో ఇంకా రావలసి ఉంది.

1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం ప్రకారం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సదుపాయం కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలి. 2017లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించాయి. సంతోషం. కాని ఒక్క సంగతి మరువరాదు: నేడు ఉర్దూ కోసం మనం అడుగుతున్నదే ఆనాడు తెలుగు పిల్లవాడికి కావలసి ఉండింది. న్యాయం మన వంతుకు తీపిగా, ఎదుటివాని వంతుకు చేదుగా ఉండకూడదు.

తల్లిదండ్రులారా, ఇంట్లో, బడిలో ఉర్దూను నిలుపుకోండి. తెలుగును మాత్రం పాసు మార్కులతో సరిపెట్టకండి. కథ చదివి ఆనందించేంత, ఆఫీసులో స్వయంగా అర్జీ వ్రాసుకునేంత నేర్పించండి. ఉర్దూ నేర్చుకుంటానని వచ్చే పొరుగింటి బిడ్డకు మన తలుపు తెరిచి ఉంచండి. భాషలు వేరువేరుగా ఉండటం అల్లాహ్ సూచనలలో ఒకటని దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరా తెలుపుతున్నది. ఆ సూచనను గ్రహించే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.