చంద్రగిరి చూసి వచ్చాం: కదిలొచ్చిన వాళ్ళు, కదలని మనం



సంక్రాంతి వెళ్ళిన తరవాతి ఆదివారం మన సంఘం వాళ్ళం రెండు వ్యాన్లలో చంద్రగిరి, జీరంగ్ వెళ్ళి వచ్చిన సంగతి మీకు తెలుసు. ఫోటోలు అందరూ చూశారు. రాలేకపోయిన వాళ్ళు కొందరు "ఏముందండీ అక్కడ, ఒక బౌద్ధ గుడి తప్ప" అని అడుగుతున్నారు. గుడి ఫోటోల్లోనే ఉంది. ఫోటోల్లో పడనిది చెబుదామని ఇది రాస్తున్నాం. కాస్త పొడుగైంది. భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

ముందురోజు సాయంత్రం కొందరం సోనేపూర్‌లో ఆగాం. అక్కడ బాహుదా నది సముద్రంలో కలుస్తుంది. కాస్త దక్షిణానికి వెళితే ఆంధ్రా. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న వాళ్ళు మాట్లాడేది మన తెలుగే. ఒడిశాలో అందరూ వాళ్ళని 'నోలియా' అంటారు. వాళ్ళనే అడిగితే "మేం వాడబలిజలం బాబూ" అంటారు. ఊరివాళ్ళు పెట్టిన పేరొకటి, తమది అనుకునే పేరొకటి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చంద్రగిరిలో మళ్ళీ పనికొస్తుంది.

ఆ బాహుదా పుట్టేది గజపతి జిల్లా కొండల్లో. కొండ దిగి, మలుపు తిరిగి, ఇచ్ఛాపురం పక్కనుంచి పోయి సోనేపూర్ దగ్గర సముద్రంలో పడుతుంది. నది దిగివచ్చిన కొండల వైపే మా ప్రయాణం. తెల్లవారకుండానే బరంపురం చేరి, అక్కడి వాళ్ళని ఎక్కించుకుని దిగపహండి మీదుగా సాగాం. బరంపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లకు తప్తపాణి. గంధకం వాసన వేసే వేడినీటి ఊట అది. పొద్దున్నే మంచు కమ్మి ఉంది, నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. మా వ్యాన్లో ఉన్న చిన్న గుంటడు "తాతా, టిబెట్ వాళ్ళ ఊరంటే ఐసు పడుతుందా?" అని అడిగాడు. "ఐసు వాళ్ళు వదిలేసి వచ్చిన ఊళ్ళో ఉండిపోయిందిరా" అన్నారు మాలో ఒక పెద్దాయన. ఆ మాటకి నవ్వాం. అక్కడికి వెళ్ళాక నవ్వు రాలేదు.

అసలు వాళ్ళతో మాకు పరిచయం పార్సిల్ ఆఫీసులో మొదలైంది. రైల్వేలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఏటా దసరా దాటితే లూథియానా నుంచి స్వెట్టర్ల బేళ్ళు దిగేవి. విడిపించుకోడానికి బొద్దుగా, బుగ్గలు ఎర్రగా ఉన్న ఆడవాళ్ళు వచ్చేవారు. నడుముకు చారల గుడ్డ కట్టుకునేవారు. రసీదు జాగ్రత్తగా మడిచి తెచ్చేవారు. ఒక్క పైసా తేడా రానిచ్చేవారు కారు. మేము మాత్రం "నేపాలీ వాళ్ళ బేళ్ళు వచ్చాయి" అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. ఎన్నో ఏళ్ళు అలాగే అన్నాం. ఒక్కసారైనా "అమ్మా, మీదే ఊరు" అని అడగలేదు. వాళ్ళు నేపాల్ వాళ్ళు కారు. దూరం నుంచి వచ్చిన వాళ్ళూ కారు. మన జిల్లాలోనే, మూడు గంటల దారిలో ఉన్న రైతులు.

వాళ్ళ కథ క్లుప్తంగా చెబుతాం. 1959 మార్చిలో ల్హాసాలో తిరుగుబాటు జరిగింది. చైనా సైన్యం దాన్ని అణచివేసింది. దలైలామా రహస్యంగా బయటపడి మార్చి 31న మన దేశంలో అడుగుపెట్టారు. వెనకే వేలమంది మంచు కనుమలు దాటి వచ్చారు. మొదట గుడారాల్లో ఉండి హిమాలయాల్లో రోడ్డు పనులు చేశారు. వీళ్ళకి భూమి ఇవ్వమని నెహ్రూ ప్రభుత్వం రాష్ట్రాలను అడిగింది. మైసూరు రాష్ట్రం బైలకుప్పెలో ఇచ్చింది. మధ్యప్రదేశ్ ఇచ్చిన మైన్‌పాట్ ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. ఒడిశా చంద్రగిరిలో ఇచ్చింది. ఇక్కడ స్థిరనివాసం 1963లో మొదలైంది. దాని పేరు ఫుంట్సోక్‌లింగ్, సమృద్ధి గల చోటు అని అర్థం. అప్పటికి గజపతి జిల్లా లేదు. అది 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయింది. కాబట్టి వాళ్ళు వచ్చింది మన గంజాం జిల్లాకే.

పేరు పెట్టడం తేలిక, సమృద్ధి తెచ్చుకోవడం కష్టం. అక్కడ అంతా అడవి. వచ్చినవాళ్ళు చల్లని పీఠభూమిలో బార్లీ పండించుకుంటూ, జడలబర్రెలు మేపుకుంటూ బతికిన వాళ్ళు. మన వైశాఖం ఎండ, మన వానాకాలం దోమ వాళ్ళ ఒంటికి ఎంత పరాయివో ఊహించండి. పొదలు కొట్టి, రాళ్ళు ఏరి, ఆ మెట్టల్లో మొక్కజొన్న వేశారు. ఇప్పటికీ ముఖ్యమైన పంట అదే. వానలతో విత్తి, దసరా ముందు వెనకల కోస్తారు. పంట ఇంటికి రాగానే ఒంట్లో సత్తువ ఉన్న వాళ్ళంతా స్వెట్టర్లు అమ్మడానికి పట్నాలకు పోతారు. మళ్ళీ మాఘమాసం చివర్లో, వాళ్ళ కొత్త సంవత్సరం లోసార్ వేళకి ఇళ్ళు చేరతారు. మేము పార్సిల్ ఆఫీసులో చూసింది ఈ రైతుల సగం ఏడాదినే.

అందుకే మేము వెళ్ళిన జనవరిలో ఆ ఊరు ముసలివాళ్ళ ఊరు, పిల్లల ఊరు. చూరుకింద మొక్కజొన్న కండెలు వేలాడుతున్నాయి. గాలికి రంగు రంగుల ప్రార్థన గుడ్డలు ఆడుతున్నాయి. జీరంగ్‌లోని పద్మసంభవ మహావిహారం సుమారు 70 అడుగుల ఎత్తున నిలబడి ఉంది. 2010 జనవరిలో దలైలామా స్వయంగా వచ్చి ప్రారంభించారు. లోపల గోడల మీది బొమ్మల్లో కొండలన్నీ తెల్లగా ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. మా గుంటడు అడిగిన ఐసు ఆ గోడల మీదే కనిపించింది.

బుద్ధుడి మాట గంజాంకు కొత్త కాదని కూడా చెప్పాలి. ఋషికుల్య ఒడ్డున జౌగడలో అశోకుడి శాసనం రాతి మీద ఇప్పటికీ ఉంది. కళింగ ప్రజల కోసం ప్రత్యేకంగా చెక్కించిన శాసనాలు ధౌళిలోనూ, అక్కడా ఉన్నాయి. ఇక్కడి నుంచి ఎప్పుడో వెళ్ళిన ధర్మం రెండువేల ఏళ్ళు దాటాక మొక్కజొన్న రైతుల వెంట తిరిగొచ్చింది అనుకున్నాం.

విహారం బయట ఎండలో ఒక ముసలావిడ జపమాల తిప్పుతూ కూర్చుని ఉంది. మా ఆడవాళ్ళు మాట కలిపారు. ఒడియాలో జవాబిచ్చింది. మేము మాలో మేము తెలుగులో ఏదో అనుకుంటుంటే చటుక్కున, "మూడు వందలు అమ్మా, తగ్గదు!" అంది తెలుగులో. అందరం పకపకా నవ్వాం. శ్రీకాకుళంలో, విజయనగరంలో చాలా ఏళ్ళు స్వెట్టర్లు అమ్మిందట. అంకెలు, బేరం మాటలు అన్నీ వచ్చు. పక్కన ఆడుకుంటున్న మనవరాలితో మాత్రం ఒక్క ముక్క కూడా వేరే భాష మాట్లాడలేదు. మేము అడిగాం. "బడికెళితే ఒడియా వస్తుంది, హిందీ వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది. ఇంట్లో మాది రాకపోతే ఇంకెక్కడ వస్తుంది?" అంది. తరవాత తను అడిగింది: "మీ ఊరేది?"

"బరంపురం."

"అది కాదు. అసలు ఊరు?"

ఈ ప్రశ్న మనలో ఎవరికి ఎదురు కాలేదు చెప్పండి? ఒడిశాలో "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు" అంటారు. ఆంధ్రాకి వెళితే "మీరు ఒరిస్సా వాళ్ళు కదా" అంటారు. ఆవిడకి ఏం చెప్పాలో మాకు వెంటనే తోచలేదు. ఆవిడ అసలు ఊరు వదిలి మంచు దాటి వచ్చింది. మనం ఎక్కడికీ పోలేదు. ఎల్లే మన ఇంటి ముందునుంచి జరిగి వెళ్ళింది.

కొత్త తరానికి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు గంజాం మద్రాసు రాజధానిలో భాగం. ముందు రాత్రి మద్రాసు ప్రజలుగా పడుకున్న బరంపురం తెలుగువాళ్ళు తెల్లారి ఒరిస్సా ప్రజలుగా లేచారు. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలై, పట్నం ఇటు వచ్చింది. కొంత పల్లె అటు ఉండిపోయింది. తరవాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1894లో పుట్టింది మన బరంపురంలోనే.

అయితే ఇందులో మనకు నచ్చని పేజీ కూడా ఉంది. అది దాచి చరిత్ర రాయకూడదు. మద్రాసు కింద ఉన్న రోజుల్లో గంజాం కచేరీల్లో, బడుల్లో తెలుగుదే పైచేయి. తమ పిల్లలకు తమ భాషలో చదువు లేదని, కోర్టులో తమ మాట చెల్లడం లేదని ఒడియా వాళ్ళు దశాబ్దాలు మొరపెట్టుకున్నారు. 1903లో కటకంలో ఉత్కళ సమ్మిళని మొదలైందంటే వెనక ఆ బాధ ఉంది. అప్పుడు కుర్చీలో కూర్చున్నది మనవాళ్ళు. ఇప్పుడు మన బాధ మనకు తెలుస్తోంది. ఆనాటి వాళ్ళ బాధ కూడా ఇలాంటిదే అని ఒప్పుకుంటేనే మన మాటకు బరువుంటుంది.

ఆ రోజుల్లోనే ఒక్క మనిషి వేరే దారిలో నడిచారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టూ కొండల్లో ఉన్న సవరలకు లిపి లేదు, పుస్తకం లేదు. ఆయన వాళ్ళ భాష నేర్చుకున్నారు, ఆ పిల్లల కోసం బడులు నడిపారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. తెలుగులో వాడుక భాష కోసం పోరాడిన ఆయనే ఇంకొకరి భాష కోసం అంత చాకిరీ చేశారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. చంద్రగిరికి వెళ్ళే దారిలో కనిపించే కొండల్లో ఉన్నది ఆ సవరలే. వ్యాను కిటికీలోంచి చూసుకుంటూ పోయాం. ఆయనైతే దిగి నడిచేవారు.

ఇప్పుడు మా సంగతి ఒకటి చెప్పాలి. సిగ్గుపడే విషయమే, అయినా చెబుతాం. మేము చదువుకున్నది అరవ మీడియంలో. నాన్నగారి ఉద్యోగం అరవదేశంలో. ఇంట్లో తెలుగు మాట ఉండేది, అక్షరం లేదు. రైల్వేలో చేరి ఇటు వచ్చాక, ముప్పై దాటిన వయసులో, తెలుగు అక్షరాలు స్టేషను బోర్డుల మీద నేర్చుకున్నాం. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, నౌపడ, తిలారు. ఇంగ్లీషు చదివి, కింద తెలుగులో పోల్చుకుని, 'ప' ఇది, 'ల' ఇది అని. 'చ్ఛ' దగ్గర చాలా రోజులు ఆగిపోయాం. ఇంట్లో ఎవరైనా చిన్నప్పుడు రోజుకో పావుగంట కూర్చోబెట్టి ఉంటే ఇంత ఆలస్యం అయ్యేది కాదు. ఇప్పుడు ఇంత పొడుగు వ్యాసం రాస్తున్నామంటే ఆ బోర్డుల పుణ్యం.

అందుకే ఆ ముసలావిడ మాట మాకు గుచ్చుకుంది. టిబెటన్ పిల్లల కోసం భారత ప్రభుత్వం 1961లో ప్రత్యేక బడుల సంస్థ పెట్టింది. ఆ వసతి మనకు లేదు, నిజమే. కానీ ఆవిడ బడి సంగతి ఎత్తలేదు, ఇంటి సంగతి చెప్పింది. అమ్మానాన్నలు నాలుగైదు నెలలు ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే పిల్లల నోట్లో భాష నిలబెడుతున్నది తాతలు, మామ్మలు. వాళ్ళకీ దిగులు ఉంది. చదువుకున్న కుర్రవాళ్ళు బెంగళూరు, ఢిల్లీ, విదేశాలు పోతున్నారు. మన ఇళ్ళలోనూ అంతే కదా.

వచ్చేటప్పుడు వ్యాన్లో మన పిల్లల్ని వరసగా అడిగాం. ఎనిమిది మందిలో తెలుగు అందరూ మాట్లాడతారు. తన పేరు తెలుగులో రాయగలిగింది ఇద్దరు. ఒడియా, ఇంగ్లీషు అందరూ రాస్తారు, అది మంచిదే. ఒడియా మన రొట్టె, మన ఇరుగుపొరుగు, దాన్ని తగ్గించుకోమని ఎవరూ అనకూడదు. దాని పక్కన ఇంకో యాభై ఆరు అక్షరాలు చోటు చేసుకోలేవా అన్నదే ప్రశ్న.

మా మనవి ఇది. ప్రతి ఆదివారం పొద్దున ఒక గంట, మన సంఘం హాలులో, అక్షరాలు. పంతులుకు జీతం అక్కర్లేదు, రిటైరైన వాళ్ళం ఉన్నాం. ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తోడుగా ఒక తాతో మామ్మో రావాలి. అక్షరాలు రాని పెద్దవాళ్ళు కూడా వెనక బెంచీలో కూర్చోవచ్చు, మేము ఏమీ అనం. మేమూ అక్కడినుంచి వచ్చినవాళ్ళమే. మొదటి పాఠానికి పుస్తకం కూడా వద్దు. స్టేషను బోర్డుల ఫోటోలు మా దగ్గర ఉన్నాయి. వచ్చే నెల సమావేశంలో దీని గురించి మాట్లాడదాం. ఒప్పుకునే వాళ్ళు పేర్లు ఇవ్వండి.

ఇంకొక చిన్న మాట. ఈసారి దసరా దాటాక బజార్లో స్వెట్టర్లు కొనేటప్పుడు వాళ్ళని "నేపాలీ" అనకండి. వాళ్ళ దేశాన్ని వాళ్ళు 'బోద్' అంటారు. పలకరింపు "తాషి దెలెక్". అని చూడండి. బేరం ఒక్క రూపాయి తగ్గకపోయినా మనిషి ముఖం మారుతుంది. సోనేపూర్ ఒడ్డున ఉన్న వాళ్ళని కూడా వాళ్ళ పేరుతోనే పిలుద్దాం. మనల్ని మన పేరుతో పిలవమని అడిగే ముందు ఆ పని చేయాలి కదా.

 తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం.