కొత్త యంత్రములో పాత అక్షరము

గోదావరికి ఉత్తరమున, అడవుల అంచున ఉన్న ఊరు ఖానాపూరు. 2016 అక్టోబరు వరకు అది ఆదిలాబాదు జిల్లాలో ఉండెను. అటు పిమ్మట నిర్మల్ జిల్లాలో చేరెను. అటువంటి ఊరి బజారులో ఒక చిన్న డి.టి.పి. దుకాణమును ఊహింపుడు. పెండ్లి పత్రికలు, భూమి అర్జీలు, బడి ప్రశ్నపత్రములు పదునైదేండ్లుగా అచ్చటనే కూర్పబడుచున్నవి. పాత కంప్యూటరు మూలబడగా యజమాని కొత్తదానిని కొని, దస్త్రములన్నిటిని జాగ్రత్తగా దానిలోనికి ఎక్కించెను. మరునాడొక రైతు వచ్చి, "అన్నా, మా నాయిన పేరు మీద రాసిన పాత అర్జీ ఒక్కసారి తీసియ్యరాదే" అని అడిగెను. దస్త్రము తెరువగా అందులో తెలుగు అక్షరమొక్కటియు లేదు. ఆంగ్లాక్షరములు, చుక్కలు, గీతలు, ఎన్నడును చూడని గుర్తులు పుటనిండ పరచుకొని యున్నవి. యజమాని నిట్టూర్చి, "ఫైలు ఖరాబైంది" అనెను.

ఆయన మాట సరియైనది కాదు. దస్త్రము చెడలేదు. వ్రాసిన దంతయు అందులో భద్రముగనే యున్నది. దానిని చదువుటకు వలసిన ఒడంబడిక మాత్రము కొత్త యంత్రములో లేదు. ఈ ఒడంబడిక ఏమి, అది ఎట్లు ఏర్పడెను, యంత్రము మారినపుడెల్ల ఎందుకు తెగిపోవుచుండెను అనునదే ఈ ప్రసంగ విషయము.

కంప్యూటరునకు అక్షరము తెలియదు. సంఖ్య మాత్రమే తెలియును. ఆంగ్లములోని మొదటి పెద్ద అక్షరమునకు 65 అను సంఖ్య యని లోకమంతయు ఒప్పుకొన్నది గనుక అది ఏ యంత్రమున నైనను అట్లే కనబడును. తెలుగునకు అట్టి ఒప్పందము చాలకాలము వాడుకలోనికి రాలేదు. ఒక్కొక్క గుర్తునకు ఎనిమిది బిట్లు కేటాయించు పద్ధతిలో మొత్తము 256 స్థానములే యుండును. తలకట్టులు, గుడులు, కొమ్ములు, వత్తులు గల మన లిపిని ఆ కొద్దిపాటి స్థానములలో ఇముడ్చుటకై ఫాంటులు చేయువారు అక్షరములను ముక్కలుగా విడదీసి, ఆంగ్లాక్షరముల స్థానములలోనే వానిని కూర్చుండబెట్టిరి. ఎవరి పట్టిక వారిది. ఒక ఫాంటులో 'క' ఉన్న చోట మరియొక ఫాంటులో కొమ్ము ఉండవచ్చును. కావున ఆ ఫాంటు లేని యంత్రమున ఆ సంఖ్యలు తమ అసలు ఆంగ్లరూపముననే దర్శనమిచ్చును. రైతు అర్జీకి పట్టిన గతి ఇదియే.

ఈ చిక్కును పెద్దలు ముందే గుర్తింపకపోలేదు. భారతీయ లిపులన్నియు ఒకే అమరికకు లొంగునను తలంపుతో కాన్పూరు ఐ.ఐ.టి.లో పరిశోధనలు సాగెను. ఆ మార్గముననే జిస్ట్ అను సాధనము పుట్టినది; పిదప పూనాలోని సి-డాక్ సంస్థ దానిని పెంపొందించెను. భారతీయ భాషలన్నిటికిని ఒకే విధమగు మీటల అమరికగా ఇన్‌స్క్రిప్ట్ 1986లో నిర్ణయింపబడెను. 1991లో ఇస్కీ అను సంకేతమాల భారత ప్రమాణముగా వెలువడెను. కాని అచ్చు పనివారికి కావలసినది అందమైన అక్షరము. అది ఆయా వ్యాపార ఫాంటులలో దొరకెను. ప్రమాణము ఒక వైపు, వాడుక మరియొక వైపు నడచెను. సముద్రముల కావలి తెలుగువారి పాట్లు వేరు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి ననుసరించి వారు తెలుగు మాటలను రోమను అక్షరములలో వ్రాసి ఒండొరులకు పంపుకొనిరి. తమ లిపి లేకున్నను తమ మాట నడచినది.

అసలైన ఉమ్మడి ఒప్పందము యూనికోడు. దాని మొదటి కూర్పు 1991 అక్టోబరులో వెలువడెను. అందు తెలుగునకు 128 స్థానముల వరుస లభించెను. 'క' అను అక్షరమునకు 3093 అను సంఖ్య శాశ్వతముగా ఏర్పడెను. ఐతే ఒప్పందము కాగితముపై కుదురుట వేరు, అది మన బల్లమీది యంత్రములోనికి వచ్చుట వేరు. 'స్త్రీ' అను ఒక్క అక్షరమును యూనికోడు ఆరు సంఖ్యలుగా దాచును: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈత్వము. ఆ ఆరింటిని కలిపి ఒక్క రూపముగా దిద్దు పనివాడొకడు యంత్రములో నుండవలెను. కావున తెలుగు నడచుటకు నాలుగు వస్తువులు వలయును: సంకేతము, ఫాంటు, కూర్చు సాధనము, మీటల అమరిక.

వీనిలో ఏది లోపించినదో తెరయే చెప్పును. ఆంగ్లపు గజిబిజి కనబడినచో అది పాత పట్టికతో వ్రాసిన దస్త్రము. ఖాళీ డబ్బాలు వరుసగా కనబడినచో ఫాంటు లేదు. అక్షరములు కనబడుచు వత్తులు క్రిందికి దిగక విడివిడిగా నిలిచినచో కూర్చు సాధనము లేదు. చదువుటకు అంతయు బాగుండి వ్రాయుటకు వీలులేనిచో మీటల అమరికను చేర్చలేదు. వైద్యుడు నాడి చూచినట్లు ఈ గుర్తులను ముందుగా చూచినవాడు సగము పని ముగించినట్లే. చూడనివాడు యంత్రము నంతటిని చెరిపి మరల మొదటినుండి స్థాపించును. అప్పటికిని డబ్బాలే కనబడును.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఇందులకు మంచి నిదర్శనము. దానితోడనే గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చెను. ఐనను ఆంగ్ల కూర్పు కొన్నవారికి తెలుగు సరిగా కనబడలేదు. కంట్రోల్ ప్యానెలులో భాషల విభాగము తెరచి, సంకీర్ణ లిపుల దస్త్రములను స్థాపింపుమను గడిలో గుర్తు పెట్టవలెను. అంతట యంత్రము తన మూలపు సీడీని అడుగును. సీడీ చేతనున్నగాని పని ముందుకు సాగదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైన నాళ్లలో ఒక వ్యాసము చదువగోరిన పాఠకుడు ముందుగా ఈ చిన్న విద్యను అభ్యసింపవలసి వచ్చెను. తెలిసినవారు తెలియనివారికి మెట్టుమెట్టుగా చెప్పుకొనిరి. ఆనాటి తెలుగు వ్యాప్తిలో ఈ పేరులేని సహాయకుల పాలు తక్కువది కాదు.

అంతలో మరియొక దారి తెరచుకొనెను. 1983లో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కలిసి, ఎవరైనను నకలు తీసికొని మార్చుకొనదగిన వ్యవస్థ ఏర్పడెను. 2005లో హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ సంస్థ అట్టి వ్యవస్థకు తెలుగు రూపమును వెలువరించెను. పట్టికలు, ఆజ్ఞలు, సందేశములు తెలుగులో పలికినవి. కాని విండోస్‌నకు అలవాటుపడిన చేతికి ఇది పరాయి ఇల్లు. అచ్చటి స్థాపక దస్త్రమును ఇచ్చటికి తెచ్చి నొక్కినచో కదలదు. ఇచ్చట ప్రతి ఉపకరణమును ఒక మూటగా కట్టియుంతురు. ఆ మూటపై దానికి ఇంకే మూటలు ఆధారమో వ్రాసియుండును. భాండారమునుండి తెచ్చు సాధనము ఆ ఆధారములను తానే సమకూర్చును. బయటినుండి తెచ్చిన మూటను బలవంతముగా చొప్పించినపుడే చిక్కు పుట్టును. అపుడు తెరపై పడు సందేశమును చూచి భయపడరాదు. ఏది లోపించినదో సాధారణముగా అందులోనే యుండును. ఒకసారి ఒక్క మార్పు చేసి ఫలితము చూడవలెను. పది మార్పులు ఒక్కసారి చేసినవానికి ఏది గుణమిచ్చినదో, ఏది చెరచినదో తెలియదు.

ఇక ఆ రైతు అర్జీ సంగతి. దానికి రెండు మార్గములు కలవు. పాత ఫాంటును కొత్త యంత్రమున స్థాపించుట ఒకటి. దానివలన నేటి అవసరము తీరును. పాత పట్టికనుండి యూనికోడునకు మార్చుట రెండవది. దానివలన రేపటి అవసరము తీరును. ఇట్టి మార్పునకు పద్మ మొదలగు ఉపకరణములను తెలుగువారే నిర్మించిరి. ఐనను మూలమును ముట్టక నకలును మాత్రమే మార్చవలెను. పిదప వత్తులను, అంకెలను మనిషి కన్నుతో సరిచూడవలెను. భూమి అర్జీలో సర్వే సంఖ్య ఒకటి మారినను అది వేరొకరి భూమి యగును.

ఈ కథ తెలుగుతో ముగిసినదని తలంపరాదు. ఖానాపూరునకు ఉత్తరమున ఉట్నూరు దాటిన పిమ్మట నార్నూరు మండలములో గుంజాల అను గోండు గూడెము కలదు. అచ్చటి వ్రాతప్రతులలో గోండి భాషకు స్వంత లిపి యొకటి నిలిచియున్నది. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు మొదలగువారి కృషివలన అది పండితలోకమునకు వెల్లడి యయ్యెను. 2011 జనగణన ప్రకారము గోండి మాతృభాషగా గలవారు సుమారు 29 లక్షల 80 వేలు. 2018 జూనులో యూనికోడు 11వ కూర్పు గుంజాల గోండి లిపికి 63 సంకేతములను కేటాయించెను. తెలుగునకు 1991లో లభించిన స్థానము గోండు లిపికి లభించుటకు ఇరువదియారేండ్లకు పైగా పట్టినది.

ఆ లిపి వరుస 73056 అను సంఖ్యతో మొదలగును. 65535తో లెక్క ముగియునని తలంచి నిర్మించిన పాత ఉపకరణములకు ఆ సంఖ్యలు అందవు. నోటో అను ఉచిత ఫాంటుల కుటుంబములో ఈ లిపికి ఒక ఫాంటు కలదు. కాని దానిని తెచ్చి స్థాపించి, మీటల అమరిక చేర్చి, బడిలోని కంప్యూటరుపై నిలుపువాడు ఉండవలెను. అట్టివాడు లేనిచోట గోండు బాలుడు తన తాతల అక్షరములకు మారుగా ఖాళీ డబ్బాలనే చూచును. తన లిపి యంత్రమునకు పనికిరాదని వాడు నమ్మునేమో! లోపించినది లిపిలో కాదనియు, ఆ యంత్రములో ఒక చిన్న దస్త్రము చేరలేదనియు వానికి చెప్పువారు కావలెను.

కనుక పాత కంప్యూటరును పాత ఇనుము వానికి ఇచ్చుటకు ముందు ఒక్కపూట ఆగుడు. దస్త్రములతోపాటు ఫాంటులను కూడ నకలు తీయుడు. ఏ దస్త్రము ఏ ఫాంటులో వ్రాసినదో ఒక కాగితముపై వ్రాసి దాచుడు. కొత్త యంత్రమున ముఖ్యమైన పుట లొక్కొక్కటి తెరచి చదివి చూడుడు. అంతవరకు పాతదానిని ఒక మూల నుండనిండు. ఆ రైతు తండ్రి అర్జీ అందులోనే యున్నది.