చల్లపల్లి చక్కెర కర్మాగారం: తరుగుదల, అరుగుదల – ఒక పరిశీలన

యంత్రాల తరుగుదల చర్చలో చల్లపల్లి పేరు పన్ను న్యాయశాస్త్రంలో స్థిరపడింది. ‘చల్లపల్లి షుగర్స్ లిమిటెడ్’ వ్యాజ్యంలో 1974లో సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది. యంత్రాల కొనుగోలుకు, బిగింపుకు తెచ్చిన అప్పుపై ఉత్పత్తి ప్రారంభానికి ముందు చెల్లించిన వడ్డీ కూడా వాటి వాస్తవ వ్యయంలో భాగమేననీ, దానిపైనా తరుగుదల లెక్కించవచ్చుననీ ఆ తీర్పు సారాంశం.

ఇది ఖాతా పుస్తకాల్లో ఏటేటా తగ్గే విలువ. కర్మాగారంలోని అరుగుదల స్వభావం వేరు. చెరకుతోపాటు వచ్చే ఇసుక, రసంలోని ఆమ్లగుణం రోలర్ల పళ్ళను క్రమంగా తినివేస్తాయి. పళ్ళు మొండివారితే చెరకుపై పట్టు సడలి, పిప్పిలో తేమ, చక్కెర శాతం పెరుగుతాయి. అందువల్ల రోలరును విప్పి చూడకముందే పిప్పి పరీక్ష లోపాన్ని సూచిస్తుంది. బేరింగు వేడెక్కడం, మోత మారడం మరికొన్ని తొలి సూచనలు. సీజను ముగిశాక రోలర్లకు లేతు మీద తిరిగి గాడులు తీస్తారు. అక్కడ కోత టూలు మొన అరిగితే గాడి కొలత తప్పుతుంది; తరిగిన తలం గరుకుబారుతుంది.

చట్టం లెక్కించిన తరుగుదల తీర్పు రూపంలో భద్రంగా ఉంది. కార్మికుల చేతికి, చెవికి తెలిసే అరుగుదలను మౌఖిక చరిత్రగా సేకరించినప్పుడే కృష్ణా డెల్టా పారిశ్రామిక చరిత్ర సమగ్రమవుతుంది.